పదిహేడో నంబరు దెయ్యం

"వదినా, మీరు వచ్చిన దారినే వెళ్ళిపోతే నా పని నేను చేసుకుంటాను" అన్నాడు ఇన్‌స్పెక్టర్, సూపర్‌మార్కెట్ ఆఫీసు గది తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టి.

"వచ్చిన దారిలో లైను వీధి దాకా ఉంది నాయనా. కాస్త పలచబడ్డాక వెళ్తాలే" అంటూ కూపీ పిన్ని ఆ చేతి కిందనుంచి దూరి లోపలికి వచ్చేసింది.

ఆవిడ అసలు పేరు ఏమిటో ఇంట్లోవాళ్ళకే సరిగ్గా గుర్తులేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం ఏళ్ళ తరబడి చేసి, అది మానేశాక సొంతంగా కూపీలు లాగడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి ఆ పేరే ఖాయమైంది. ఇన్‌స్పెక్టర్ ఆవిడకి సొంత మరిది. భోజనాల బల్ల దగ్గర వదిన వడ్డించందే ముద్ద దిగదు, కేసు దగ్గర వదిన కనిపిస్తే మాత్రం ఒళ్ళు మండిపోతుంది. ఈసారి ఆవిడని పిలిచింది కౌంటర్ అమ్మాయిలు. అందరూ ఒకే ఫోన్‌లో, ఒకేసారి మాట్లాడితే, ఆవిడకి అర్థమైంది ఒక్కటే ముక్క. పెద్దక్కని తీసుకుపోతున్నారు.

పెద్దక్క ఆ గదిలోనే ఉంది. సూపర్‌మార్కెట్‌లో అందరికంటే పాత క్యాషియర్. నాలుగో కౌంటర్ ఆవిడది. స్టూలు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని, కుక్కిన పేనులా కూర్చుంది. పక్కన ఒక కానిస్టేబులు.

"ఏం చేసిందని?" అంది పిన్ని.

"చదివి వినిపించనా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆవలిస్తూ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, భుజం మీద పాలు కక్కిన మరక ఉంది. "ఈ కొట్లో వారం కింద కొత్త బిల్లు మెషీన్లు పెట్టారు, లైను తొందరగా కదలాలని. పెట్టిన ఇంజనీరు కుర్రాడు పొద్దున పదకొండింటికి వెనక గదిలోకి వెళ్ళాడు. పదకొండున్నరకి టీ ఇవ్వడానికి వెళ్ళినవాడికి నేలమీద కనిపించాడు. పాత మెషీన్ తాలూకు ఇనప సొరుగుతో నెత్తిమీద కొట్టారు. ఆస్పత్రిలో ఉన్నాడు, స్పృహ లేదు. రేపటికి ఉంటాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు."

"పాపం. దానికీ ఈవిడకీ ఏమిటి?"

"నిన్న వందమంది ముందు 'ఈ మెషీన్ ఎత్తి నీ నెత్తినే వెయ్యాలి' అంది ఈవిడ. ఇవాళ అదే జరిగింది. ఆ అరగంటలో అన్ని కౌంటర్లూ ఆడాయి. ఈవిడ నంబరు మీద మాత్రం పన్నెండు నిమిషాలు ఒక్క బిల్లు లేదు. ఎక్కడికి వెళ్ళావమ్మా అంటే ఉలుకూ లేదు, పలుకూ లేదు. కెమెరాలా, కొత్త వైర్లు లాగుతున్నామని పొద్దుటినుంచీ ఆపేశారు. ఇంకేం కావాలి వదినా మీకు? ముంజేతి కంకణానికి అద్దం కావాలా?"

పిన్ని స్టూలు లాక్కుని పెద్దక్క ఎదురుగా కూర్చుంది. "నిన్న ఎందుకు తిట్టావమ్మా ఆ కుర్రాణ్ణి?"

"ఒళ్ళు మండి" అంది పెద్దక్క తలెత్తకుండా. "అన్నిటికీ టకటకమంటుంది, పసిపిల్లల పాల డబ్బా పెడితే చాలు, మొండికేస్తుంది మెషీను. బిగుసుకుపోతుంది. వెనక లైను నన్ను తిడుతుంది, నేనతన్ని తిట్టాను. అతను మంచివాడేనండీ. నవ్వి, 'రేపు పొద్దున దీని సంగతే చూస్తానక్కా' అన్నాడు."

"మరి పదకొండింటికి నువ్వెక్కడున్నావు?"

పెద్దక్క పెదాలు బిగించింది. భయపడేవాళ్ళు ఎక్కడ చూడాలో తెలియక దిక్కులు చూస్తారు. ఈవిడ చూపు మాత్రం నేలమీదనుంచి కదల్లేదు. ఎవరికో ఒట్టేసి వచ్చిన మనిషిలా ఉందే అనుకుంది పిన్ని.

అప్పుడే మేనేజరు వచ్చాడు. సన్నటి మనిషి, మొహంనిండా మర్యాద. చేతిలో కొట్టు సంచీ. "సార్, పాపకి పాల డబ్బా అడిగారట కదా. మీ కానిస్టేబులు ర్యాకులోంచి తీస్తుంటే నేనే వద్దన్నాను. మీకోసం లోపలినుంచి వేరేది తెప్పించాను."

"థాంక్సండీ. దానికి రెండురోజులుగా ఒంట్లో బాలేదు, తాగిందంతా కక్కేస్తోంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్, సంచీ కానిస్టేబులుకిచ్చి జీపులో పెట్టమంటూ. "పళ్ళొచ్చేముందు మామూలేనంటోంది మా అత్తగారు. నాలుగింటికి మళ్ళీ పట్టాలి. ఇంట్లో ఉన్న చిన్న డబ్బా అడుగంటింది, ఈ పూటకి సరిపోతుందిలెండి."

మేనేజరు అతని పక్కనుంచి వెళ్తుంటే పిన్ని ముక్కు ఎగబీల్చింది. గోళ్ళ రంగు తుడిచే మందు వాసన.

"గోళ్ళకి రంగేసుకుంటారా బాబూ?"

మేనేజరు నవ్వాడు. "కొత్త కౌంటర్ల మీద స్టిక్కర్లు అంటుకుపోయాయమ్మా. ఆ జిగురు తుడుస్తున్నాను. మేనేజరంటే పేరుకే, అన్ని పనులూ నావే."

అతను వెళ్ళిపోయాడు. పిన్ని లేచి అద్దం దగ్గరికి వెళ్ళింది. ఆ గదికి ఒక పక్క గోడంతా అద్దమే, అవతల కౌంటర్లన్నీ కనిపిస్తాయి. ప్రతి కౌంటర్ నెత్తినా ఒక దీపం. బిల్లు చురుగ్గా కొడితే పచ్చ, నత్తనడక నడిస్తే ఎరుపు. ఎరుపు ఎక్కువసార్లు వెలిగినవాళ్ళు సాయంత్రం మేనేజరు ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి.

ఐదో కౌంటర్‌లో ఉన్న పొట్టి జడ అమ్మాయి చేతులు మిషన్ కుడుతున్నట్టు ఆడుతున్నాయి. ఇంతలో ఆ అమ్మాయి ముందుకి ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో చిల్లర సంచీ, చెవికి వినికిడి మెషీను. సరుకులు ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కదానికీ ఒక కబురు చెప్పి పెడుతోంది. పొట్టి జడ ఆవిడని చూసి చక్కగా నవ్వింది. నవ్వుతూనే ఎడమచేత్తో మెషీన్ మీద ఏవో రెండు అంకెలు నొక్కింది. ఆ తర్వాత నింపాదిగా, ఎంత ఆలస్యమైనా ఫరవాలేదన్నట్టు ఆవిడ కబుర్లు వింటూ కూర్చుంది.

పిన్ని అద్దానికి ముక్కు ఆనించి చూసింది. ఈ వారంలోనే ఎన్నిసార్లు ఈ లైన్లలో నిలబడింది తను. ఎన్నిసార్లు చూసింది ఈ నొక్కుడు.

"పెద్దక్కా" అంది వెనక్కి తిరక్కుండానే. "ముసలావిడ రాగానే ఆ పిల్ల ఏం నొక్కింది?"

తిరిగి చూస్తే పెద్దక్క మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమీ నొక్కలేదండీ."

"నేను చూశాను. నువ్వూ పొద్దున అదే నొక్కావు. అందుకే నీ నంబరు మీద బిల్లు లేదు. అవునా?"

"పిన్నిగారూ, నన్ను తీసుకుపోనివ్వండి" అంది పెద్దక్క. "నేనొక్కదాన్ని పోతే పోయాను. ఆ పిల్లలందరి పొట్టలూ కొట్టకండి."

"ఏమిటి వదినా ఇది?" ఇన్‌స్పెక్టర్ ఆవలింత సగంలో ఆగిపోయింది.

"నువ్వు రాయకపోతే చెప్తుంది. ఆ కాయితం మడిచి జేబులో పెట్టు." పిన్ని మళ్ళీ పెద్దక్క ఎదురుగా కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది. "చూడమ్మా. ఆ కుర్రాడు చచ్చిపోతే ఇది హత్య కేసు. నిజంగా కొట్టినవాడు ఈ కొట్లోనే తిరుగుతున్నాడు. నువ్వు నోరు మూసుకుంటే కాపాడేది పిల్లల్ని కాదు, వాణ్ణి."

పెద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ఒకసారి మొదలుపెట్టాక గడగడా చెప్పేసింది.

"ముసలివాళ్ళు నెమ్మదిగా వస్తారండీ. వాళ్ళకి నాలుగు మాటలు కావాలి, చిల్లర ఏరుకోవాలి, మర్చిపోయినదాని కోసం వెనక్కి వెళ్ళాలి. అదంతా మా వేగంలో కొట్టుకుపోతుంది. ఎర్రదీపం పడితే మాకు చీవాట్లు. మరి పెద్దవాళ్ళని కసురుకోగలమా? ఇక్కడ ఇదివరకు ఒక అమ్మాయి పనిచేసేది, పదిహేడో నంబరు. మానేసి వెళ్ళిపోయింది. కొత్త మెషీన్లలోకి పాత నంబర్లన్నీ ఎక్కించారు, ఆ పిల్లదీ ఎక్కింది. ఎవరైనా నిదానం మనిషి వస్తే మా నంబరు మూసి, పదిహేడు నొక్కి, ఆ బిల్లు కొట్టేస్తాం. ఎర్రదీపాలన్నీ ఆ పిల్ల ఖాతాలో పడతాయి. మేం దాన్ని దెయ్యం అంటాం."

కానిస్టేబులు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

"సరుకులో మోసం లేదు, లెక్కలో మోసం లేదు" అంది పెద్దక్క. "కానీ పైవాళ్ళకి తెలిస్తే ఒక్కరినీ ఉంచరు. అందుకే ఒట్టేసుకున్నాం, ఎవరూ చెప్పకూడదని."

"పొద్దున ఎవరొచ్చారు?"

"నత్త తాతయ్య. పాపం ఆయన బిల్లు సగంలో ఉండగా బియ్యం మర్చిపోయానని వెళ్ళాడు. ఆయన బిల్లు పక్కన పెట్టి కూర్చున్నాను. ఎవరి బిల్లైనా పక్కన పెడితే పేరు రాస్తాం, గుర్తుకి. బట్టతల, పచ్చ గొడుగు, ఇలాగ. తర్వాత ఏ కౌంటర్లో నొక్కినా అది తెరుచుకుంటుంది."

"నన్నేమని రాస్తారు?"

పెద్దక్క అంత కష్టంలోనూ సిగ్గుపడింది. "ప్రశ్నలావిడ."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ రోజు మొదటిసారి నవ్వొచ్చింది. "ఎవరు పెట్టారోగానీ భలే పెట్టారు. కానీ వదినా, ఇదంతా కథ. నాకు రుజువు కావాలి."

"నడు. కౌంటర్‌లోనే ఉంది రుజువు."

నాలుగో కౌంటర్ తెరిచి, పెద్దక్క దెయ్యం నంబరు మీదున్న బిల్లులు తెరమీదకి లాగింది. ఉంది. నత్త తాతయ్య బిల్లు పదకొండు దాటిన కాసేపటికి మొదలైంది. మధ్యలో రెండే నిమిషాలు పక్కన పెట్టారు, మళ్ళీ తెరిచారు, పదకొండుంబావు దాటాక ముగిసింది. కౌంటర్ నంబరు నాలుగు. ఆ బిల్లు కొడుతూ పెద్దక్క వెనక గదికి వెళ్ళి రావడం మనిషన్నవాడికి సాధ్యం కాదు.

ఇన్‌స్పెక్టర్ రెండుసార్లు చదివాడు. చదివి గడ్డం గోక్కున్నాడు.

"ఒప్పుకోవడానికి అంత బాధగా ఉంటే తలూపు చాలు" అంది పిన్ని.

"ఆగండి వదినా." అతని వేలు తెరమీద కిందికి జారి ఒకచోట ఆగింది. గొంతు మారిపోయింది. "ఇది చూడండి. పదకొండుంబావుకి దెయ్యం నాలుగో కౌంటర్లో ఉంది. అదే పదకొండుంబావుకి ఇంకోచోట కూడా ఉంది."

పిన్ని వంగి చూసింది. పదిహేడో నంబరు. కౌంటర్ అనే చోట అంకె లేదు. 'పరీక్ష' అని ఉంది.

"పరీక్ష కౌంటరంటే?"

"అది వెనక గదిలో ఉంటుందండీ" అంది పెద్దక్క, గుండెమీద చెయ్యి పెట్టుకుని. "ఇంజనీరు బాబు పరీక్షలు చేసుకునే మెషీను. మాలో ఎవరం ఆ గదిలోకే వెళ్ళం."

అంటే కుర్రాడు నేలమీద పడి ఉండగా, ఎవడో అతని పక్కనే కుర్చీలో కూర్చుని, దెయ్యం నంబరు నొక్కి, మెషీన్ ఆడించాడా?

"తాళం ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరేనమ్మా" అన్నాడు మేనేజరు. ఎప్పుడొచ్చాడో, వెనకే ఉన్నాడు. "రండి, తీస్తాను."

బయలుదేరబోతూ పిన్ని మరిదివైపు తిరిగింది. "లైను చూడు, వీధి దాటింది. పెద్దక్కని కౌంటర్లో కూర్చోనివ్వు. పక్కన మీ కానిస్టేబుల్ని నిలబెట్టు. ఎక్కడికీ పారిపోదు, బిల్లులు వదిలి ఆవిడ చావనైనా చావదు."

ఇన్‌స్పెక్టర్ ఒక నిమిషం తటపటాయించి తలూపాడు. పెద్దక్క తన స్టూలెక్కి కూర్చుని, ముందున్న మనిషికి నవ్వు మొహం పెట్టింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

వెనక గది ఒకప్పుడు సరుకులు చల్లగా దాచుకునే గది. ఆ యంత్రం చెడిపోయాక దాన్ని కంప్యూటర్లకి ఇచ్చేశారు. జానెడు మందం గోడలు, ఇనప తలుపు, గడియ బయటివైపు. ఫోన్లు పనిచెయ్యవు. అందుకే కుర్రాడికి ఇంటినుంచి ఎన్నిసార్లు ఫోన్ వచ్చినా మోగలేదని, అంతసేపు ఎవరికీ తెలియలేదని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. మేనేజరు తలుపు తీసి, "లోపల గాలి ఆడదమ్మా, నేను బయటే ఉంటాను" అన్నాడు.

నేలమీద సుద్దగీత. బల్లమీద వైర్లు, స్క్రూలు, సగం తాగిన మంచినీళ్ళ సీసా. మూలని పాత మెషీన్లు గుట్టగా పడున్నాయి, వాటిలో ఒకదానికి సొరుగు లేదు. బల్లకి కుడిపక్క పరీక్ష మెషీన్ ఇంకా వెలుగుతూనే ఉంది.

"మీ వాళ్ళు దీన్ని ముట్టుకోలేదా?"

"వేలిముద్రలు తీసుకున్నారు. శుభ్రంగా తుడిచేసి ఉంది. తెరమీద ఏముందో చదివి అర్థం చేసుకునేవాడు ఆస్పత్రిలో ఉన్నాడు కదా."

పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది. తెరమీద పదిహేడో నంబరు తెరిచే ఉంది. కింద వరసగా ఒకే సరుకు, పసిపిల్లల పాలపొడి. ఒక్కొక్కదాని పక్కనా ఎర్ర అక్షరాలు. గడువు దాటింది, అమ్మరాదు. గడువు దాటింది, అమ్మరాదు. మధ్యలో ఎక్కడో ఒకటి రెండు పచ్చవి.

"కౌంటర్లలో ఊరికే బిగుసుకుపోతోంది" అంది పిన్ని నెమ్మదిగా. "ఇక్కడ కారణం చెప్తోంది. ఆ కుర్రాడు దీని సంగతే చూస్తానన్నాడు, ఎవరూ వాడని నంబరు తీసుకుని చూశాడు. మెషీన్‌లో ఏ రోగమూ లేదు."

"డబ్బాలో ఉందా?"

పిన్ని చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళమీద కూర్చుని బల్ల కిందకి దూరింది. వైర్ల చిక్కులో, గోడవారగా, ఒక డబ్బా దొర్లిపోయి ఉంది. కొట్టినవాడు మిగతావన్నీ ఏరుకుపోయి దీన్ని చూసుకోలేదు. కొంగుతో పట్టుకుని బయటికి తీసి అడుగు తిప్పింది.

"ఇంకా ఏడాదుంది గడువు. నిక్షేపంలా ఉంది" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పిన్ని కొంగు కొస తడిచేసి ఆ తేదీ మీద గట్టిగా రుద్దింది. నల్లసిరా అలుక్కుపోయింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. గోళ్ళ రంగు తుడిచే మందు వాసన.

తర్వాత డబ్బా ఒంటిమీద అచ్చేసి ఉన్న క్యూఆర్ చుక్కల గడిని మెషీన్ కంటికి చూపించింది. మెషీన్ కుయ్యిమంది. ఎర్ర అక్షరాలు. గడువు దాటి చాలాకాలమైంది.

"అడుగున ఉన్న తేదీ చెరిపి కొత్తది కొట్టాడు. చుక్కల్లో దాగున్న తేదీ వాడి తాహతుకి మించిపోయింది. పాత మెషీన్లకి ఈ చుక్కలు చదవడం రాదు, అందుకే ఇన్నాళ్ళూ ఆట సాగింది. కొత్తది చదువుతోంది. లైను తొందరగా కదలాలని తెచ్చుకున్న మెషీనే వీడి కొంప ముంచింది." పిన్ని ఊపిరి తీసుకుంది. "ఆ కుర్రాడు అడిగుంటాడు. దీని చదువు ఆపెయ్యమని వీడు చెప్పుంటాడు, అతను కాదనుంటాడు."

"కానీ ఆ డబ్బాలు కౌంటర్లలో ఆగిపోతున్నాయి కదా. జనానికి అమ్మినట్టు కాదుగా?"

"లైను ఆగితే ఎర్రదీపం మరిదీ. ఆ పిల్లలు ఆగుతారా? డబ్బా మీది నంబరు చేత్తో కొట్టి పంపేస్తున్నారు. లైన్లో నిలబడి నేనే చూశాను."

ఇన్‌స్పెక్టర్ మెల్లిగా తల తిప్పాడు. "మేనేజరు. ర్యాకులోది వద్దు, నేను వేరేది తెప్పిస్తానన్నాడు."

"గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడు. పోలీసువాడి బిడ్డకి పట్టడానికి భయపడ్డాడు."

ఆ మాట అన్నాక పిన్ని మరిది మొహం చూసింది. ఆ మొహంలో రంగు దిగిపోతోంది. భుజంమీది పాలమరక మీదికి చెయ్యి దానంతటదే వెళ్ళింది.

"వదినా. ఇంట్లో ఉన్న డబ్బా." ఆవిడ చేతిలోని డబ్బా వంక చూశాడు. "మొన్న కొన్నాం. ఇక్కడే. అప్పట్నుంచే పాపకి..."

గోడ గడియారంలో నాలుగు కావస్తోంది.

అతను తలుపు మీదికి దూకాడు. అప్పటికే అవతల గడియ పడి తాళం బిగిసిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. బరువైన, నింపాదైన చప్పుడు. అతను భుజంతో గుద్దాడు, బూటుతో తన్నాడు. "తియ్యరా" అని అరిచాడు. ఆ గోడల మధ్య ఆ అరుపు వాళ్ళకే తిరిగొచ్చింది. ఫోన్ తీశాడు, ఒక్క గీత లేదు. పైకెత్తి పట్టుకుని గదంతా తిరిగాడు. చివరికి నడుముకున్న తుపాకీ మీద చెయ్యి వేశాడు.

"ఇనప తలుపు. తిరిగొచ్చి మనకే తగులుతుంది" అంది పిన్ని.

"మరేం చెయ్యమంటారు? ఇవాళ సీసా నిండా తాగితే తట్టుకోలేదు వదినా అది. గుప్పెడంత లేదు." అతను తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు. ఇంతమందిని గడగడలాడించే మనిషి చిన్నపిల్లాడిలా అయిపోయాడు. ఆ పిల్ల పుట్టినప్పుడు మొట్టమొదట ఎత్తుకుంది పిన్నే.

వైర్ల మధ్య మెషీన్ వెలుగుతోంది. పదిహేడో నంబరు.

"నీ ఇంటి ఫోన్ నంబరు చెప్పు" అంది పిన్ని, కుర్చీ లాక్కుని.

"ఎందుకు?"

"చెప్పు మరిదీ, వాదించకు."

ఆవిడ చేతిలో డబ్బాని మెషీన్‌కి చూపించింది. కుయ్యిమంది. నంబరు చేత్తో కొట్టింది, బిల్లు తెరుచుకుంది. పక్కన పెట్టు అన్న బొమ్మ నొక్కింది. పేరు రాయమని ఒక చిన్న గడి వచ్చింది. అందులో పొడుగు మాట పట్టదు. రెండు వేళ్ళతో ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ప్రశ్నలావిడ. గదిలో బందీ. పక్కన పెట్టింది. మళ్ళీ ఇంకో బిల్లు. ఈ నంబరుకి ఫోన్ చెయ్యి. ఇంకోటి, ఫోన్ నంబరు. ఇంకోటి, పాపకి పాలు పట్టొద్దు.

"వాళ్ళు చూస్తారా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఆవిడ భుజంమీదుగా వంగి.

"నత్త తాతయ్యల కోసం రోజంతా దెయ్యం బిల్లులు చూసేవాళ్ళు. ఎవరో ఒకరు చూడాలి."

తెరమీద ఏ కదలికా లేదు. నాలుగు బిల్లులూ అలాగే కూర్చున్నాయి. అతని ఊపిరి ఆవిడ చెవికి తగులుతోంది. గడియారం ముల్లు నాలుగు దాటింది. ముసలివాళ్ళెవరూ రాకపోతే పదిహేడు నొక్కేదెవరు? ఆ మాట ఆవిడ పైకి అనలేదు.

మొదటి బిల్లు మాయమైంది.

ఎవరో తెరిచారు. రెండోది మాయమైంది. మూడోది, నాలుగోది. కౌంటర్ నంబరు నాలుగు. ఇన్‌స్పెక్టర్ పిన్ని భుజం ఎముకలు విరిగేలా పట్టుకున్నాడు, ఆవిడ ఏమీ అనలేదు. తెర మళ్ళీ ఖాళీ. ఎంతసేపు గడిచిందో ఇద్దరిలో ఎవరూ తర్వాత చెప్పలేకపోయారు.

పదిహేడో నంబరు మీద కొత్త బిల్లొకటి వచ్చి కూర్చుంది. పేరు దగ్గర ఇలా ఉంది. పాప తాగలేదు. సీసా పారబోయించాను.

ఇన్‌స్పెక్టర్ అక్కడే నేలమీద కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి తలెత్తి, "ఆవిడకి బేడీలు వెయ్యబోయాను వదినా" అన్నాడు.

"తర్వాత ఆవిడ కాళ్ళమీద పడుదువుగాని. ముందు లే."

రెండో బిల్లు వచ్చింది. కానిస్టేబులు తలుపు దగ్గరికి వస్తున్నాడు. బయట ఇనుము మీద ఇనుము కొడుతున్న చప్పుడు నిజంగానే మొదలైంది. తాళం పగలగొడుతున్నారు.

పిన్ని మాత్రం తెరమీదనుంచి చూపు తిప్పలేదు. మూడోది, దానివెనకే ఇంకో రెండు వచ్చాయి. వాటిని ఆవిడ ఒకసారి చదివింది. చదివి లేచి నిలబడి, మరిదిని చొక్కా పట్టుకుని పైకి లాగింది.

ఇంజనీరుకి మెలకువ వచ్చిందట, అని ఉంది మొదటిదాంట్లో. ఆస్పత్రి ఫోన్ ఎత్తింది మేనేజరే. ఇప్పుడే ఆస్పత్రికని కారు తీశాడు.